పూతపై పూత

చిత్రకళ నేర్వగోరు విద్యార్థికి నూనెరంగులపై గల మోజు మరి ఏ రంగులపైనను ఉండదు. నీటిరంగులతో ఏండ్ల తరబడి తంటాలుపడిన బాలుడు గూడ నూనెరంగుల ట్యూబులు చేతికి వచ్చిన నాడే తాను చిత్రకారుడనైతినని తలచును. పెట్టెలోని ట్యూబులన్నియు ఒకేసారి విప్పి, రంగులన్నియు పలకపై పిండును. సాయంకాలమునకు గోదావరి, కొబ్బరితోట, తెరచాప పడవ, అస్తమించు సూర్యుడు అన్నియు కాన్వాసుపైకి వచ్చి కూర్చుండును. మరునాడు చూచుసరికి ఆకాశపు నీలము సూర్యుని పసుపులో కలిసి, ఆకుల పచ్చదనము నీటిలోనికి జారి, మొత్తము బొమ్మ మురుగు రంగు పట్టియుండును. దానిని సరిదిద్దుటకు అతడు మరికొంత రంగు పూయును. మురుగు మరికొంత చిక్కబడును. కొన్నాళ్ళకు ఆ పెట్టె అటుక మీదికి పోవును.

లోపము ఆ బాలుని చేతిలో లేదు, రంగులలోను లేదు. అతనికి రంగు వేయుట నేర్పినవారు కలరు గాని, రంగు వేయక ఆగుట నేర్పినవారు లేరు. తైలవర్ణ చిత్రలేఖనమున మొట్టమొదట నేర్వవలసిన విద్య ఈ ఆగుటయే. పాఠశాలలు విద్యార్థిని పూర్తియైన బొమ్మను మాత్రమే అడుగుచున్నంత కాలము ఆ విద్య అతనికి రాదు. బొమ్మ క్రింద నున్న పూతలను అడిగిననాడు వచ్చును.

నూనెరంగు ఎందులకు ఆగుమనుచున్నదో మొదట గ్రహింపవలెను. నీటిరంగు ఆరుట యనగా అందలి నీరు ఆవిరియగుట. నూనెరంగు ఆరుట అట్టిది గాదు. ఈ భేదమును కోనసీమ పిల్లలకు బోధించుట మిక్కిలి సులభము. కొబ్బరినూనెను ఒక గాజుపలకపై పలుచగా రాచి నెల దినములుంచినను ఆరదు. చలికి గడ్డకట్టును, ఎండకు కరగును, అంతియే. అవిసె నూనెను అట్లే రాచినచో కొలది దినములకు చేతికి అంటని పొర యగును. కాలము గడచిన కొలది ఆ పొర గట్టిపడును. (ఇచట అవిసె యనగా పెరటిలో పెరుగు అవిసె చెట్టు గాదు, సంస్కృతమున అతసి యనబడు మొక్క గింజల నుండి తీయు నూనె.) కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లములు అధికభాగము సంతృప్తములు, గాలిలోని ప్రాణవాయువు వచ్చి పట్టుకొనుటకు వాటిలో చోటు లేదు. అవిసె నూనెలోనివి అధికభాగము అసంతృప్తములు. అవి ప్రాణవాయువును గ్రహించి, ఒకదానితో నొకటి పెనవేసికొని వలవలె అల్లుకొనును. రంగుపొడి రేణువులు ఆ వలలో చిక్కి నిలిచిపోవును. నీటిరంగు ఆరుచు తరుగును. నూనెరంగు ఆరుచు గాలిని పట్టి మొదట కొంత బరువెక్కును. రసాయనశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడును, చిత్రలేఖనము చెప్పు ఉపాధ్యాయుడును కలసి ఈ రెండు గాజుపలకలను తరగతి కిటికీలో ఉంచినచో ఒక పాఠము రెండు శాస్త్రములకు సరిపోవును.

ఆరుటకు కాలము పట్టును గనుక పూర్వపు చిత్రకారులు ఆ కాలమును పనిలో భాగముగా చేసికొనిరి. పొరలతో పని చేయు పద్ధతి అట్లు పుట్టినది. దాని క్రమము చెప్పుటకు చిన్నదే. సుద్దయు జిగురును పూసి సిద్ధపరచిన కాన్వాసుపై ముందుగా రేఖలు గీయవలెను. ఆపైన టర్పెంటైనుతో పలుచన చేసిన ఒక్క గోధుమరంగుతో వెలుగునీడలను మాత్రము నిలుపవలెను. అంబరు అను గోధుమరంగు ఇందులకు మిక్కిలి అనువైనది. అందులోని మాంగనీసు నూనెను త్వరగా ఆరజేయును. అది ఆరిన పిమ్మట తెలుపు కలిపి రూపముల గుండ్రదనమును తీర్చవలెను. ఈ దశలో బొమ్మ పాత ఛాయాచిత్రము వలె ఒకే రంగున నుండును. బొమ్మ బాగున్నదా లేదా అను సంగతి ఇచటనే తేలిపోవును. వెలుగునీడలు ఇక్కడ కుదరనిచో పైన ఎన్ని వన్నెలు దిద్దినను కుదరవు. కుదిరిన తరువాతనే అసలు రంగులు, పలుచని పారదర్శకపు పూతలుగా, ఒకటి ఆరిన మీదట ఒకటిగా రావలెను. ఈ తుది పూతలనే చిత్రకారులు గ్లేజులందురు.

ఈ క్రమమునకు ఒక నియమము కలదు. క్రింది పూతలో నూనె తక్కువగను, పై పూతలో ఎక్కువగను ఉండవలెను. నూనె ఎక్కువైన పొర ఆలస్యముగా ఆరును, ఎక్కువ సాగును. ఈ నియమము తలక్రిందులైనచో పై పొర ముందు బిగిసికొనును. క్రింది పొర ఇంకను కదలుచుండును. ఫలముగా చిత్రము నెర్రెలు విచ్చును. కోతల తరువాత పైన ఎండి అడుగున తడియున్న వరిమడిని చూచిన రైతుబిడ్డకు ఇందులో తెలియనిది ఏదియు లేదు. గోడకు సున్నము వేయువాడు గూడ మొదటి పూత ఆరనిదే రెండవది వేయడు. అతని చేతిలోనిది కళ కాదని తలచు విద్యార్థి, ఆ ఒక్క విషయమున అతనికి శిష్యుడు కాదగును.

ఒకే రంగును పలకపైననే కలిపి ఒక్కసారి పూయరాదా, ఇన్ని పొరలెందులకని ఎవరైనను అడుగవచ్చును. సమాధానము గౌతమి రేవులలో కలదు. వరదల కాలమున ఎర్రనీరు వచ్చినప్పుడు చూపు నీటిపైననే ఆగిపోవును; ఆ ఎరుపు ఎంత గాఢమైనను దానికి లోతు లేదు. శీతకాలమున నీరు తేటపడినప్పుడు, లోతు తక్కువైన చోట అడుగున ఇసుక కనబడును. ఎండ నీటిలోనికి దిగి, ఇసుకను తాకి, మరల నీటి గుండ పైకి వచ్చును. అప్పుడు కంటికి తోచు వన్నె నీటిది గాదు, ఇసుకది గాదు; ఆ రెంటి పొందికది. గ్లేజు చేయు పని సరిగా ఇదియే. వెలుగు పారదర్శకపు పొరను దాటి, క్రింది లేతపొరను తాకి, మరల ఆ పొర గుండనే తిరిగివచ్చును. ఒకే రంగును రెండుమారులు దాటివచ్చిన వెలుగునకు కలుగు కాంతి, రంగులను పలకపై కలిపి పూసినప్పుడు కలుగదు.

కోనసీమ చిత్రకారునికి ఇది పట్టణపు చిత్రకారుని కన్న ఎక్కువ అవసరము. ఈ సీమ అంతయు ఆకుపచ్చదనమే. రాజోలు కాలువగట్లపై నిలిచి చూచినవానికి కొబ్బరి మట్టల పచ్చన, అరటి ఆకుల పచ్చన, వరినాటి పచ్చన, నీటిలో వాటి నీడల పచ్చన వేరువేరుగా కనబడును. ట్యూబులోని ఆకుపచ్చ ఒక్కటే. దానిని నేరుగా పూసిన చిత్రములలో తోట తోటగా ఉండదు, ఆకుపచ్చని గోడవలె ఉండును. ఎండ తగిలిన కొబ్బరి ఆకును ముందుగా లేత పసుపుతో వేసి, ఆరనిచ్చి, పైన పలుచని నీలపు పూత వేసినచో ఆకు వెనుక నుండి వెలుగు వచ్చినట్లుండును. నీడలోని ఆకునకు క్రిందనే గోధుమరంగు ఉండవలెను. రెంటిపైనను పూసినది ఒకే నీలమైనను, ఫలితమున రెండు పచ్చలు పుట్టును. పడుగు ఒక రంగు, పేక మరియొక రంగు వేసి మూడవ రంగును కంటికి చూపు విద్య బండారులంక నేతగానికి చిరపరిచితమే. చిత్రకారుడు దానిని కుంచెతో సాధింపవలసియున్నది.

ప్రారంభకులకు రెండు హెచ్చరికలు చాలును. గ్లేజు బొమ్మను చిక్కపరచును గాని తెల్లపరచదు. కావున క్రింది పొర కావలసినదాని కన్న ఒక పాలు లేతగా ఉండవలెను. రెండవది: అన్ని రంగులును గ్లేజునకు పనికిరావు. అట్టపై నల్లని గీత యొకటి గీచి, ఆరిన పిమ్మట ప్రతి రంగును దానిపై పలుచగా పూసి చూడవలెను. గీత కనబడిన రంగు పారదర్శకము, మరుగుపడిన రంగు కాదు. అల్ట్రామరీను నీలము, విరిడియను పచ్చ గీతను చూపును. టిటానియము తెలుపు, కాడ్మియము ఎరుపు దాచివేయును. ఈ పరీక్ష చేసికొన్న విద్యార్థికి తన పెట్టెలోని రంగుల స్వభావము, ఏ గ్రంథమును చదువకయే తెలిసిపోవును.

ఈ తడిసీమలో మరికొంత జాగ్రత్త కావలెను. వర్షకాలమున పూతలు ఆలస్యముగా ఆరును. కాన్వాసు వెనుక బూజు పట్టును. చాలమంది బొమ్మను దుమ్ము పడునని బీరువాలో పెట్టి తాళము వేయుదురు. చీకటిలో అవిసె నూనె పసుపెక్కును. వెలుతురున ఉంచినచో చాలవరకు మరల తేటపడును. కావున ఆరుచున్న చిత్రమునకు గాలియు, ఎండపొడ తగులని వెలుతురును కావలెను. టర్పెంటైను వాడు గదికి కిటికీలు తెరచియుండవలెను. నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడవేయరాదు. ఆరుచున్న నూనె వేడిని పుట్టించును, ఆ కుప్ప తనంతట తానే అంటుకొనవచ్చును. వాటిని విడివిడిగా ఆరవేయుటయో, నీళ్ళ డబ్బాలో వేయుటయో ఉపాధ్యాయుడు మొదటి దినముననే నేర్పవలెను.

ఈ పద్ధతి పరదేశపుది, మన బాలురకేల యను ఆక్షేపణ అప్పుడప్పుడు వినవచ్చును. 1550లో గ్రంథము వెలువరించిన ఇటలీ రచయిత వసారి తైలవర్ణములను ఫ్లాండర్సు చిత్రకారుడు వాన్ ఐక్ కనిపెట్టెనని వ్రాసెను; లోకము చాలకాలము నమ్మెను. కాని ఆఫ్ఘనిస్థానములోని బామియాన్ బౌద్ధగుహల కుడ్యచిత్రములలో, సుమారు 7వ శతాబ్దమునకు చెందినవానిలో, ఆరెడు నూనెలతో కలిపిన రంగులు పొరలుగా వేయబడియున్నవని 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. విద్యకు ఎల్లలు లేవనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు. ఇక ఓపిక సంగతి. వెనీసు మహాచిత్రకారుడు టిషియన్ మొదటి పూత వేసిన చిత్రములను గోడవైపు త్రిప్పి నెలల తరబడి చూడక విడిచెడివాడనియు, మరల త్రిప్పినప్పుడు శత్రువును పరీక్షించునట్లు వాటిని పరీక్షించెడివాడనియు ఆయన పనితీరు నెరిగిన పాల్మా చెప్పగా, తరువాతివాడైన బోస్కిని గ్రంథస్థము చేసెను. మహాచిత్రకారుడే నెలలు ఆగగా, తొమ్మిదవ తరగతి బాలుడు వారము దినములు ఆగలేడా?

నేర్పువారు లేరను మాట గూడ ఒకటి కలదు. దానికి రవివర్మ జీవితమే సమాధానము. తిరువనంతపురము ఆస్థానమున రామస్వామి నాయకరు తైలవర్ణముల మర్మమును ఆయనకు చెప్ప నిరాకరించెననియు, 1868లో అచటికి వచ్చిన థియొడోర్ జెన్సన్ అను పాశ్చాత్య చిత్రకారుడు బోధింపకున్నను తాను పని చేయుచుండగా చూచుటకు మాత్రము అంగీకరించెననియు ఆయన చరిత్రకారులు వ్రాసియున్నారు. చూచుట చేతనే నేర్చినవాని చిత్రములు, 1894లో స్థాపించిన ముద్రణాలయము ద్వారా అచ్చుపటములై తెలుగు ఇండ్ల గోడలకు గూడ చేరినవి. పటమును అందరును చూచిరి; దాని వెనుక నున్న పూతలను చూచినవారు అరుదు.

గోదావరి మండలమునకు అంత దూరము పోనక్కరలేదు. రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు 1909 నుండి 1919 వరకు అధ్యక్షుడుగా నున్న ఆస్వాల్డ్ కూల్డ్రే, స్వయముగా చిత్రకారుడు. ఆయన కంటబడిన బాలుడు దామెర్ల రామారావు. కూల్డ్రే ప్రోత్సాహముననే ఆయన 1916లో బొంబాయి జె. జె. చిత్రకళాశాలలో చేరి, తిరిగివచ్చి, రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను స్థాపించెను. 1897 మార్చి 8న జన్మించిన ఆ మహనీయుడు 1925 ఫిబ్రవరి 6న మశూచికమునకు లోనై, ఇరువదియెనిమిది ఏండ్లయినను నిండకయే మరణించెను. వరదా వెంకటరత్నము మొదలైనవారు ఆయన నాటిన మొక్కను కాపాడిరి. ఆయన పేర వెలసిన చిత్రశాల నేటికిని రాజమహేంద్రవరమున కలదు. అమలాపురము నుండి కొత్తపేట, రావులపాలెముల మీదుగా సుమారు రెండు గంటల ప్రయాణము. విద్యార్థులను అచటికి గొనిపోవు ఉపాధ్యాయులు 'సిద్ధార్థ రాగోదయము' వంటి ప్రసిద్ధ చిత్రముల ముందు నిలిపి, పేరు చెప్పి, ముందుకు నడిపింతురు. అంతకన్న చూపవలసినది మరియొకటి కలదు. ఆయన విడిచిపోయిన కృషిలో తైలచిత్రముల కన్న నీటిరంగుల చిత్రములు, పెన్సిలు రేఖలు ఎన్నో రెట్లు ఎక్కువ. అంత కొద్ది జీవితమున అంత కృషి చేసినవాడు గూడ పునాదిని దాటి పైకి పరుగెత్తలేదు. కనబడు ఒక్క చిత్రమునకు క్రింద కనబడని రేఖలెన్నియో ఉన్నవని తెలిసికొనుటకు ఆ చిత్రశాలయే పాఠ్యగ్రంథము.

ఇక పాఠశాలల సాధకబాధకములు. ఖర్చు ఎక్కువ యందురు. పన్నెండు ట్యూబులు కొనినచో ఎక్కువే. మొదటి సంవత్సరమంతయు అంబరు, తెలుపు అను రెండు ట్యూబులు చాలును. కాన్వాసునకు బదులు తెల్లని గెస్సో రెండు పూతలు పూసిన దళసరి అట్ట చాలును. అదియును దుర్లభమైనచో నీటిరంగులతోనే పొరల విద్య నేర్పవచ్చును. 1920 దశకమున మచిలీపట్నములోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ నేర్పిన వంగదేశపు వాష్ పద్ధతి అట్టిదే: పలుచని రంగు వేసి, ఆరనిచ్చి, నీటితో కడిగి, మరల వేయుట. ఆయన వద్ద నేర్చినవారిలో అడివి బాపిరాజు ఒకరు. సాధనము మారినను ఓపిక ఒక్కటే.

సమయము లేదందురు. చిత్రలేఖనమునకు వారమునకు ఒక్క పీరియడు దొరకుటయే గగనమనియు, అదియు పరీక్షలు సమీపించినప్పుడు గణితమునకు పోవుననియు ఉపాధ్యాయులు వాపోవుదురు. వారి బాధ యథార్థము. కాని ఆలోచించినచో పొరల పద్ధతి వంటిది ఆ ఒక్క పీరియడునకు మరియొకటి లేదు. ఒక పూత వేయుటకు ముప్పావు గంట చాలును. పలుచని పూత ఆరుటకు ఇంచుమించు వారము పట్టును. మరల పీరియడు వచ్చుసరికి చిత్రము రెండవ పూతకు సిద్ధముగా నుండును. ఒక్క పీరియడులో పూర్తి బొమ్మను అడుగుటయే అన్యాయము.

పూతల కొరకు ఆగక, తడిమీద తడిగా ఒకే ఊపున వేసిన మహాచిత్రకారులు లేరా యని చదువుకొన్నవారు అడుగుదురు. ఉన్నారు. 1841లో జాన్ రాండ్ తగరపు ట్యూబును కనిపెట్టిన తరువాత రంగులు సంచిలో వేసికొని ఆరుబయటికి వెళ్ళుట సులభమైనది. మోనే వంటివారు ఎండ మారకమునుపే చిత్రము ముగించు విద్యలో సిద్ధహస్తులైరి. ఆ మార్గము తక్కువది గాదు. కాని అది వెలుగునీడలు చేతికి వశమైనవారి మార్గము. నడక రానివానికి పరుగును ఆదర్శముగ చూపుట మేలు గాదు. నిమిషములలో ఆరు ఆక్రిలిక్ రంగులు వచ్చిన పిమ్మట ఈ కష్టమేల యనువారును కలరు. చిన్న తరగతుల పిల్లలకు టర్పెంటైను వాసన లేని ఆ రంగులే శ్రేయస్కరములు. వాటితోను గ్లేజులు వేయవచ్చును. అయితే అవి ఎవనిని ఆగుమనవు. ఆగుటను ఉపాధ్యాయుడే అడుగవలెను.

కావున కోనసీమ పాఠశాలలు చేయదగిన పని చిన్నది. ఎనిమిదవ తరగతి పైబడిన విద్యార్థికి, ఆసక్తి కలవానికి, మూడు నెలలకు ఒక్క చిత్రము చాలునని చెప్పవలెను. రేఖాచిత్రమునకు కొన్ని మార్కులు, ఒంటిరంగు దశకు కొన్ని, రంగుల దశకు మిగిలినవి. మొదటి రెండు దశలను ఉపాధ్యాయుడు చూచి సంతకము చేయనిదే మూడవది వేయరాదు. అమలాపురములోని కోనసీమ చిత్రకళా పరిషత్తు వంటి సంస్థలు జరుపు ప్రదర్శనలలో పూర్తియైన చిత్రముల ప్రక్కన, ఒక మూలనైనను, ఒంటిరంగు దశలోని విద్యార్థుల చిత్రములకు చోటు లభించినచో ఎంతయో మేలు జరుగును. మెరుపు లేని బొమ్మను గూడ పెద్దలు ఆగి చూతురని తెలిసిన బాలుడు మెరుపు కొరకు తొందరపడడు.

ఈ విద్య నేర్చినవారందరును చిత్రకారులు కారు, కానక్కరలేదు. తాను వేసిన పూతను మరునాడు శత్రువు కంటితో చూచుట, తప్పు కనబడిన చోట పైన రంగు పూసి కప్పక క్రింది పొరకు పోయి దిద్దుట, ఆరనిదానిపై చేయి వేయకుండుట—ఇవి అలవడిన విద్యార్థి వ్యాసము వ్రాసినను, లెక్క చేసినను, తరువాత ఏ ఉద్యోగము చేసినను ఆ అలవాటు వెంట వచ్చును. ఏటేటి వరద మోసికొని వచ్చిన ఒండ్రు పొరపై పొరగా పేరుకొని ఏర్పడిన సీమ ఇది. ఇచటి పిల్లలకు నిదానము కొత్త విద్య కారాదు.